ఒక్క మెతుకు పట్టి చూసిన మహలనోబిస్

మా అక్క బిడ్డ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నది. బీఏల జాగ్రఫీ తీసుకున్నది. మొన్న ఇంటికొచ్చినప్పుడు ప్రాక్టికల్ రికార్డు ముందటేసుకొని దిగులుగ కూసున్నది. ఏందని చూస్తే సగటు, మధ్యగతం, బాహుళకం, ప్రామాణిక విచలనం, సహసంబంధం. పేజీలకు పేజీలు లెక్కలే. వాగులు, వానలు, నేలల గురించి చదువుదామని పోతే గీ లెక్కలు మెడకు తగులుకున్నయని ఆమె బాధ. సారు బోర్డు మీద సూత్రం రాస్తడట, వీళ్లు రికార్డుల ఎక్కిస్తరట, పరీక్షల దింపుతరట. ఆ అంకెలు ఏ ఊరివో, ఎవరు తెచ్చిర్రో, ఎందుకు తెచ్చిర్రో ఎవ్వలూ చెప్పరు.

నేను ఇంటర్ తోనే చదువు బందువెట్టినోణ్ని. నాకు గీ లెక్కలు వచ్చింది క్లాసుల కాదు, పంట బీమా కొట్లాటల. ఓ యేడు మా దిక్కు వరి సగం ఎండింది, మిగిలింది తాలు పోయింది. బీమా వస్తదని ఎదురుచూసినం. రాలే. పంటకోత ప్రయోగంల మా ఊరి దిగుబడి మంచిగనే తేలిందట. ఊరంతటికీ నాలుగు చోట్ల కోసి తూకమేసిర్రు, ఆ తూకమే ఊరి నసీబైంది. నాలుగు తావులు కోసి ఊరి పంట ఎట్ల చెప్తరని కోపంతోని మొదలువెట్టి తవ్వుకుంట పోతే, ఆఖరికి కలకత్తాల ఒక పెద్దమనిషి కాడ తేలిన. ఆయన పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్. జూన్ 29న దేశమంతా గణాంక దినం చేస్తరు గదా, అది ఆయన పుట్టినరోజే. 2007 నుంచి చేస్తున్నరు.

మా అక్క బిడ్డకు ప్రామాణిక విచలనం చెప్పేముందు నేను ఈయన కథ చెప్పిన. అదే ఇప్పుడు మీకూ చెప్తున్న.

1893ల కలకత్తాల పుట్టిండు. బ్రహ్మసమాజం ఇల్లు. తాత గురుచరణ్ ఇప్పటి బంగ్లాదేశ్ ల ఉన్న విక్రమపురం నుంచి కలకత్తాకు వలస వచ్చి దుకాణం పెట్టుకున్నడు, ఆ కాలంలనే విధవరాలిని పెండ్లి చేసుకున్నడు. అంటే మనవడు పుట్టిన ఇంట్ల లోకం ఏమంటదో అన్న భయం ముందే పోయింది. ప్రెసిడెన్సీ కాలేజీల ఫిజిక్స్ చదివి 1912ల డిగ్రీ పట్టా తీసుకున్నడు. మరుసటేడు ఇంగ్లండు పోయిండు. లండన్ల చదువుదామని పోయినోడు ఓ దినం కేంబ్రిడ్జి చూడపోయి, ఆఖరి రైలు తప్పిపోతే ఆ రాత్రి అక్కడనే ఉండిపోయిండు. అక్కడి కింగ్స్ కాలేజీ నచ్చింది, అక్కడనే చేరిండు. రైలు తప్పుడు కూడ ఒక్కోసారి మంచికే వస్తది.

కేంబ్రిడ్జిలనే మన రామానుజన్ తోని దోస్తానా అయింది. రామానుజన్ చలికి వణుకుకుంట, కోటు తొడుక్కొని, శాలువ కప్పుకొని పండుకుంటున్నడట. మహలనోబిస్ పోయి చూస్తే మంచం మీద దుప్పట్లు మస్తుగున్నయ్. అయితే అవన్నీ పరుపు కిందికి మడిచి ఉన్నయ్. వాటి నడుమ దూరి పండుకోవాలని రామానుజన్ కు తెల్వదు, దుప్పట్ల పైననే పండుకుంటున్నడు. ఈయన విప్పి చూపించిండు. అంత పెద్ద లెక్కల మనిషికి కూడ ఎవరో ఒకరు పక్కకు కూసోని చూపియ్యాల్సి వచ్చింది. కాలేజీల లెక్క రాక సిగ్గుపడే పిల్లలకు నేను గీ ముచ్చట తప్పకుండ చెప్త.

1915ల ఇంటికి బయలెల్లేటప్పుడు యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. లైబ్రరీల టైం గడుపుతుంటే ఆయన టీచరొకాయన బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించిండు. మనుషుల, జంతువుల, మొక్కల కొలతల నుంచి లెక్కతోని అర్థం తీసే పత్రిక అది. మొత్తం సెట్టు కొనుక్కొని, ఓడల చదువుకుంట వచ్చిండు. ఈయనకు స్టాటిస్టిక్స్ ఏ క్లాసుల ఎవ్వలూ చెప్పలే. చదివింది ఫిజిక్స్, ప్రెసిడెన్సీ కాలేజీల పాఠం చెప్పిందీ ఫిజిక్సే. లెక్క మటుకు ఓడల నేర్చుకున్నడు.

తర్వాత ఆయనకు పనులు వాటంతటవే వచ్చినయ్. యూనివర్సిటీ పరీక్ష మార్కులు చూడమన్నరు, చూసిండు. 1920ల నాగపూర్ల జరిగిన సైన్స్ కాంగ్రెస్ కాడ జంతు సర్వే పెద్దసారు అనండేల్ కలిసి, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు ఉన్నయ్, లెక్కగట్టమన్నడు. 1922 నుంచి 1926 దాక అలీపూర్ వాతావరణ కేంద్రంల కొలువు చేసిండు. గాలి, వాన, మనిషి తలకాయ కొలత, పరీక్ష మార్కు, ఏది చూసినా ఆయనకు ఒకటే ప్రశ్న: ఈ అంకెలు ఇంత ఎందుకు మారుతున్నయ్?

జాగ్రఫీ చదివే పిల్లలు ఆగాల్సింది వరదల కాడ. 1922ల ఉత్తర బెంగాల్ మునిగిపోయింది. ఇంజినీర్లు కమిటీ వేసుకొని, నీళ్లు ఆపే పెద్ద పెద్ద చెరువులసుంటివి కట్టాలని చెప్పిర్రు. మస్తు ఖర్చు. మహలనోబిస్ ను అడిగితే ఆయన గడ్డపార పట్టలే, పాత రికార్డులు పట్టిండు. యాభై ఏండ్ల వాన లెక్కలు, వరద లెక్కలు పక్కపక్కన పెట్టి చూసిండు. ఆ చెరువులు కట్టినా లాభం లేదు, నీళ్లు తొందరగ పారిపోయే దారి చూడాలని తేల్చిండు.

1926ల ఒరిస్సాల బ్రాహ్మణి నదికి వరదొచ్చింది. నది అడుగు ఇసుకమేట వేసి పైకి లేచింది, కరకట్టలు ఇంకిన్ని అడుగులు లేపాలని ఇంజినీర్ల మాట. ఈయన అరవై ఏండ్ల లెక్క తీసిండు. అడుగు లేవలే. ఎగువల కురిసిన వాననే ఎక్కువ. కట్టలు లేపుడు దండుగ, ఎగువల నీళ్లు ఆపాలన్నడు. ఆ లెక్కలల్ల నుంచే మహానది మీద డ్యామ్ ఆలోచనకు పునాది పడ్డది. 1957ల హిరాకుడ్ తెరిచిర్రు.

ఇక్కడ నేను ఒక మాట చెప్పకుండ ముంగటికి పోలేను. హిరాకుడ్ కింద వందల ఊళ్లు మునిగినయ్. వాన లెక్కల ఊరు ఉండదు, మునిగే మనిషి ఉండడు. నీళ్లు ఎంత వస్తయో, ఎక్కడ ఆపాలో ఆ లెక్క చెప్పింది, మునిగిన కుటుంబం ఏ చెట్టు కింద బతుకుతదో ఆ లెక్కల లేదు. ఇది ఒక్క మహలనోబిస్ తప్పని అనను. కాని డ్యామ్ లెక్క చదివే జాగ్రఫీ పిల్లలు, ఏ అంకె కొలిచిర్రు అని ఎట్ల అడుగుతరో, ఏ అంకె కొలవలే అని కూడ అడగాలె.

ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్ మెంటుల తన గదిల ఒక మూలకు స్టాటిస్టికల్ లాబరేటరీ అని పెట్టుకున్నడు. అదే 1931 డిసెంబర్ల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్ స్టిట్యూట్ అయింది. మొదటేడు ఖర్చు 238 రూపాయలు. 1933ల సాంఖ్య అని పత్రిక తీసిండు. ఇప్పుడు ఆ సంస్థకు మన హైదరాబాదుల హబ్సిగూడల కూడ సెంటరున్నది. చాన మంది దాని ముందటి నుంచే బస్సుల పోతరు, లోపల ఏముందో తెల్వదు.

ఇగ అసలు ముచ్చట. బెంగాల్ల జనుము పంట ఎంత పండుతదో సర్కారుకు తెల్వకుండె. ఊళ్లకు ఊళ్లు తిరిగి ప్రతి మడిని చూసి రాయాలంటే వేల మంది కావాలె. 1937ల మహలనోబిస్ చిన్నగ ఒక తావుల మొదలువెట్టి, ఏడాదికింత పెంచుకుంట 1941 నాటికి బెంగాల్ మొత్తం చేసిండు. పద్ధతేందంటే, ఊరి నక్ష తీసుకోవాలె. దాని మీద లాటరీ తీసినట్టు అంకెలు తీసి, ఆ అంకె ఎక్కడ పడితే అక్కడ చిన్న చతురస్రం గీయాలె. ఆ చతురస్రంల ఏ మడిల ఏ పంటుందో పోయి చూసి రావాలె. రోడ్డు పక్కన ఉందని చూసుడు లేదు. వాగు అవతల పడ్డదని వదిలిపెట్టుడు లేదు.

మన ఇండ్లల్ల అన్నం ఉడికిందో లేదో అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తది. కుండంత తిని చూడదు. అయితే పట్టే ముందు గరిటెతోని కిందిమీద కలుపుతది, మీది మెతుకు పట్టి అడుగు మాడిన సంగతి మరిచిపోదు. లాటరీ అంకె అంటే గా గరిటె తిప్పుడే. సారు తనకు నచ్చిన మడి కాడ ఆగితే అది మీది మెతుకే.

1941ల రెండు లెక్కలూ జరిగినయ్. మడిమడి తిరిగి రాసిన లెక్క ఒకటి, ఈయన నమూనా లెక్క ఒకటి. తర్వాత వ్యాపారం లెక్కతోని కలిపి చూస్తే, నమూనా లెక్క దానికి అంగుళం దూరంల నిలబడ్డది. మొత్తం తిరిగిన లెక్క ఆరో వంతు దాక తక్కువ వచ్చింది. ఎక్కువ మంది తిరిగితే ఎక్కువ నిజం వస్తదని మనం అనుకుంటం. వేల మందికి సక్కగ నేర్పలేరు, వేల మంది మీద నిగా పెట్టలేరు. చాయ్ హోటల్ల కూసోని ఫారాలు నింపేటోళ్లను మనమూ చూసినం గదా.

దానికీ ఒక మందు కనిపెట్టిండు. ఒకే ఇలాకాకు రెండు జట్లను పంపుడు. ఒకరి లెక్క ఒకరికి తెల్వదు. రెండు జట్ల అంకెలు దగ్గర దగ్గర వస్తే సరే, ఆకాశం భూమి లెక్క ఉంటే ఎవరో పోలేదన్నట్టు. లెక్క చేసేటోని మీద లెక్కతోనే కాపలా పెట్టుడు. ఊరికి ఊరికి నడుమ నడవడానికి ఎంత సేపు, కొలవడానికి ఎంత సేపు, దానికి ఎంత ఖర్చు, ఇవి కూడ రాసిపెట్టి, ఎంత సైజు చతురస్రం ఎన్ని చోట్ల గీస్తే పైస తక్కువ నిజం ఎక్కువ వస్తదో లెక్కగట్టిండు. దూరం, నడక, నేల ఇవన్నీ లెక్కల కలిసినయ్. దీన్ని జాగ్రఫీ కాదనేటోడు ఎవడు?

పంట కోసి తూకమేసే ముచ్చటల ఆయన ఒక్కడే కాదు. అంతకుముందే 1920లల్ల బీహార్, ఒరిస్సాల హబ్బాక్ అనే తెల్ల ఆఫీసరు వరిల ఈ పద్ధతి చేసిండు. తర్వాత సుఖాత్మే అని వ్యవసాయ పరిశోధన మండలిల ఉన్న పెద్ద లెక్కల మనిషి మహలనోబిస్ తోని గట్టిగ తగువు పడ్డడు. తగువు దేని మీదంటే కోసే తావు సైజు మీద. మహలనోబిస్ కొన్ని అడుగుల చిన్న గుండ్రం కోస్తే చాలంటడు. చిన్న తావు కోస్తే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తదని సుఖాత్మే అంటడు. ఎందుకంటే గీత మీద నిలబడ్డ మొక్కను కోసేటోడు లోపలికే లాగుతడు. తావు చిన్నగైనకొద్దీ లోపలి నేలతోని పోలిస్తే గీత పొడుగు ఎక్కువ, లోపలికి లాగిన మొక్కలూ ఎక్కువ. వినడానికి చిన్న ముచ్చట లెక్కనే ఉంటది. కాని గీత మీది నాలుగు దుబ్బులు లోపలికి వస్తే ఊరి దిగుబడి పెరుగుతది, దిగుబడి పెరిగితే బీమా పోతది. ఈ కాడ నేను సుఖాత్మే దిక్కు.

ఇప్పుడు మన దగ్గర వరికి 5 మీటర్ల పొడుగు 5 మీటర్ల వెడల్పు కోస్తరు. అంటే 25 చదరపు మీటర్లు. గుంటంటే 101 చదరపు మీటర్లు గనుక, కోసేది పావు గుంట. ఎకరంల 160 వంతుల ఒక వంతు. మా అక్క బిడ్డకు ఈ అంకె చెప్పంగనే రికార్డు బుక్కు మూసి ముంగటికి జరిగి కూసున్నది. అప్పుడు ప్రామాణిక విచలనం చెప్పిన.

ఒక ఊర్ల నాలుగు మడులు కోసినం అనుకో. ఎకరాకు 17, 16, 16, 15 క్వింటాళ్లు వచ్చినయ్. సగటు 16. ఇంకో ఊర్ల 24, 22, 10, 8 వచ్చినయ్. సగటు 16 నే. బీమా కాయిదం మీద రెండు ఊళ్లూ ఒకటే. ఇప్పుడు ఒక్కొక్క అంకె సగటుకు ఎంత దూరమున్నదో చూసి, ఆ దూరాన్ని దానితోనే గుణించి, అన్నీ కలిపి నాలుగుతోని భాగించి వర్గమూలం తియ్యి. మొదటి ఊరికి 0.7 వస్తది. రెండో ఊరికి 7 వస్తది. పదింతల తేడా. రెండో ఊర్ల చెరువు కింద భూములున్నయ్, నీళ్లు అందని చెల్కలున్నయ్. నాలుగు మడులు ఆ ఊరికి చాలవు. ఇంకో నాలుగు తీస్తే సగటు 16 కాస్త 12 కావచ్చు, 20 కావచ్చు. చెరువు కింద వేరుగ, చెల్కల వేరుగ తీయాలె. ఆమెకు అర్థమైంది. నేను బీమా ఆఫీసుల అడగాల్సిన ప్రశ్న పదేండ్ల కింద నాకు తెల్వకపాయె, ఆమెకు పందొమ్మిదేండ్లకు తెలిసింది.

మళ్లా ఆయన కాడికి వస్త. 1941ల కలకత్తా యూనివర్సిటీల స్టాటిస్టిక్స్ ఎమ్మే మొదలైంది, దాని ఎనక ఉన్నది ఈయనే. అదే ఏడు మన తెలుగు పిలగాడొకడు ఆయన కాడ చేరిండు. పేరు సి.ఆర్. రావు. హడగలిల పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల చదివి, ఆంధ్ర యూనివర్సిటీల లెక్కల ఎమ్మే చేసి, ఏ నౌకరీ దొరకక మిలిటరీ కొలువు ఇంటర్వ్యూకని కలకత్తా పోయిండు. అక్కడ హోటల్ల కలిసిన ఒకాయన ఈ సంస్థ గురించి చెప్పిండట. పోయి చూసి చేరిండు. తర్వాత లోకమంతా చదివే లెక్కల మనిషైండు, 2023 దాక బతికిండు. మహలనోబిస్ గొప్పతనంల సగం గిక్కడనే ఉన్నదంట నేను. ఫిజిక్స్ నుంచి వచ్చినా, వట్టి లెక్కలు చదివి వచ్చినా, చేతికి నక్షలు, కొలతలు ఇచ్చి పని చేయించుకుంటనే నేర్పించిండు. సూత్రం ముందు కాదు, పని ముందు.

1943ల బెంగాల్ కరువొచ్చింది. 15 లక్షల నుంచి 30 లక్షల మంది దాక సచ్చిపోయిర్రని లెక్కలు చెప్తయ్. దాని తర్వాత మహలనోబిస్ సంస్థ ఊళ్లు తిరిగి, ఎవరు భూమి అమ్ముకున్నరు, ఎవరి ఎడ్లు పోయినయ్, ఎవరు బిచ్చానికి దిగిర్రు అని ఇల్లిల్లు అడిగి రాసింది. కూలోళ్లు, చేపలు పట్టేటోళ్లు, వడ్లు దంచే ఆడోళ్లు అందరికంటే ఎక్కువ చితికిపోయిర్రని ఆ లెక్కలల్ల తేలింది. డ్యామ్ లెక్కల కనవడని మనిషి గిక్కడ కనవడ్డడు. తర్వాతి కాలంల కరువుల మీద రాసినోళ్లు ఈ అంకెలే ముందటేసుకున్నరు.

స్వతంత్రం వచ్చినంక 1950ల జాతీయ నమూనా సర్వే మొదలైంది. మొదటి విడతల దేశమంతట 1,833 ఊళ్లు తీసుకున్నరు. నెహ్రూకు దగ్గరోడు, రెండో పంచవర్ష ప్రణాళిక లెక్క ఈయనదే, ఉక్కు, పెద్ద మిషన్లు ముందన్నడు. తిండి, బట్ట ముందుండాలన్న ఆర్థికవేత్తలు అప్పుడే కొట్లాడిర్రు. పంట లెక్క గట్టిన మనిషే పంటను ఎనక్కి నెట్టుడు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆయన పేరు మీద ఒక దూరం ఉన్నది. మహలనోబిస్ దూరం. శరీర కొలతలు చూడంగ చూడంగ పుట్టింది. ఒక్క ఎత్తు చూసి కాదు, చాన కొలతలు కలిపి, అవి ఎంత మారుతయో, ఒకదానితోని ఒకటి ఎంత కలిసి నడుస్తయో చూసి, రెండు గుంపులు ఎంత దూరమో చెప్పే లెక్క. మనుషుల ముక్కులు కొలిచి కులాలను మెట్లెక్కించే తెల్లదొరల కాలమది, ఆ కొలతలే ఈయనకూ దొరికినయ్. అయినా లెక్కగట్టి చూస్తే బెంగాల్ బాపనోళ్లు బయటి బాపనోళ్ల కంటే బెంగాల్ల పక్క కులాలకే దగ్గరున్నరని వచ్చింది. మెట్లు కట్టేందుకు తెచ్చిన రాయి మెట్లనే కూలగొట్టింది. ఇప్పుడు అదే దూరం ఉపగ్రహం ఫొటోల్ల ఇది వరి, ఇది పత్తి, ఇది చెరువు అని విడగొట్టేందుకు వాడుతరు. రిమోట్ సెన్సింగ్ చదివే పిల్లలు సాఫ్ట్ వేర్ల ఆయన పేరు మీద బటన్ నొక్కుతరు, మనిషి ఎవరో అడగరు.

1972 జూన్ 28న పోయిండు. తెల్లారితే 79 నిండుతయ్.

ఆ మరునాడు మా అక్క బిడ్డ నేను ఊరి నక్ష పట్టుకొని కూసున్నం. ఊర్ల ఎంత భూమిల వరి ఉందో చూద్దామని, చీటీలు రాసి డబ్బల ఏసి ఇరవై సర్వే నంబర్లు తీసినం. పదమూడో చీటీ విప్పితే వచ్చిన నంబరుల ఇప్పుడు వరి లేదు, పత్తి లేదు. వెంచరోళ్లు పాతిన తెల్ల రాళ్లున్నయ్. ఇంకో చీటీ తీద్దామా మామా అని అడిగింది. వద్దన్న. రికార్డుల ఆ నంబరుకు ఎదురుంగ సున్నా రాసుకొని, పద్నాలుగో దానికి వాగు దాటి పోయినం.